అక్షరాలు నేర్పితే సారా దుకాణం మూతపడింది

ఒరేయ్ రాఘవా,

నీ ఉత్తరం అందింది. ఇంటిల్లిపాదీ కులాసాగా ఉన్నారని తెలిసి సంతోషం. ఇక్కడ మేమూ బాగున్నాం. "ఒక జీవో ఇచ్చేముందే అది ఎటు పోతుందో సెక్రటేరియట్‌లో వాళ్లకి తెలుస్తుంది" అని రాశావు చూడు, అప్పటి నుంచీ ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. నాకు మాత్రం అలా అనిపించదురా. మన నెల్లూరు జిల్లా సంగతే తీసుకో.

1991లో ప్రభుత్వం అక్షరదీపం అని పెద్దవాళ్లకి చదువు నేర్పే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు అనుకున్నది ఎంత? పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట ఓ గంట కూర్చుని నాలుగు అక్షరాలు నేర్చుకోవాలి, వేలిముద్ర మానేసి సంతకం పెట్టాలి, అంతే. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారా వల్ల ఒక ఇల్లు ఎలా గుల్లయిందో, ఊరి ఆడవాళ్లు కలిసి ఏం చేశారో ఆ కథ. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు దాన్ని ఉత్త పాఠంలా చదవలేదు. ఇది మన ఇంట్లోదే కదా అనుకున్నారు. కలిసికట్టుగా వెళ్లి ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వాళ్లకి ముందు నిలిచిన రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది అప్పుడే. 1992 కల్లా జిల్లాలో సారా వేలంపాటలు కూడా జరగనివ్వలేదు.

ఆలోచించు. చదువు చెప్పిందీ ప్రభుత్వమే, వారుణి వాహిని పేరుతో అంతకుముందు నుంచీ ఊరూరా సారా ప్యాకెట్లు చేర్చిందీ ప్రభుత్వమే. ఒక చేత్తో ఇచ్చిన వాచకం రెండో చేతి ఆదాయానికి గండి కొడుతుందని ఎవరు లెక్క వేశారు? నన్నడిగితే ఆ పాఠం కన్నా ఆ కూర్చోవడమే పెద్ద సంగతి. పనీపాటా ముగించుకుని పదిమంది ఆడవాళ్లు రోజూ ఒకచోట చేరితే, ఎవరింట్లో ఏం జరుగుతోందో మాట్లాడుకోరూ? అంతకుముందు ఎవరి ఏడుపు వాళ్లదే.

తర్వాతిది నీకూ తెలుసు. 1993 ఏప్రిల్‌లో మన జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. నాటుసారా, పక్క రాష్ట్రాల దొంగ సరుకు, ఖజానాలో లోటు. 1997లో ఎత్తేశారు.

సారా ఆగిన ఇళ్లలో మాత్రం నాలుగు డబ్బులు మిగిలాయి. రోజుకో రూపాయి దాచుకుందామని పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. డ్వాక్రాతో కలిసి ఆ పద్ధతి రాష్ట్రమంతా పాకింది. ఎప్పుడూ బ్యాంకు మెట్లెక్కని వాళ్లు లెక్కల పుస్తకం పట్టుకుని మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చున్నారు. సంతకాలు నేర్పిన వాళ్లెవరూ ఇంతదూరం ఊహించి ఉండరు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ తర్వాతిది రాయాలంటేనే బాధ. గుంపుగా కూర్చుని, ఒకరికొకరు పూచీ పడి, క్రమం తప్పకుండా కట్టే ఆడవాళ్లు ఉన్నచోటికి సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాయి. ఒక్కో ఇంటికి మూడు నాలుగు అప్పులు అంటగట్టాయి. ఒకామె కట్టలేకపోతే తోటి సభ్యులే ఆమె గడప ముందు కూర్చోవాల్సి వచ్చింది. ఆత్మహత్యలు జరిగాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వాయిదాలు కూడదు, ఇంటి మీదికి పోకూడదు అంది. వేధింపులకు అడ్డుకట్ట పడింది. దాంతోపాటే పాత బాకీలు కట్టడమూ ఆగింది, కొత్త అప్పు పుట్టడమూ ఆగింది. పిల్లాడి ఫీజుకో, పురుగుమందుకో ఓ అయిదువేలు అవసరమైన మనిషికి అప్పట్లో మళ్లీ ఊరి వడ్డీవ్యాపారే దిక్కయ్యాడు.

నాకు కోపం వచ్చేది ఇక్కడేరా. అక్షరదీపం అంతదూరం పోతుందని తెలియకపోవడం సహజం, అందులో ఎవరి తప్పూ లేదు. ఇరుగుపొరుగు స్నేహాన్ని అప్పు వసూలుకి వాడితే ఏమవుతుందో సంఘంలో ఏ ఆడమనిషిని అడిగినా ముందే చెప్పేది. ఎవరూ అడగలేదు. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టి "ఎవరూ ఊహించలేదు" అంటే నేను ఒప్పుకోను.

మీ అమ్మ అప్పట్లో వాలంటీరుగా రాత్రిబడిలో పాఠాలు చెప్పిందని ఓసారి అన్నావు. ఎవరెవరు వచ్చేవాళ్లు, సీతమ్మ కథ చదివిన రోజు ఏం మాటలు నడిచాయి, అన్నీ అడిగి వివరంగా రాయి. ఆ వాచకం మీ అటక మీద దొరికితే జెరాక్స్ తీసి పంపు, మర్చిపోకు. సంక్రాంతికి పిల్లల్ని తీసుకుని నాలుగు రోజులు ముందే రా. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ
శ్రీను