'చదవకపోతే గేదెలు కాసుకుంటావ్' అన్న మాట గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులు వస్తున్నాయి. ఫార్మేటివ్ పరీక్షల మార్కులు పిల్లల డైరీల్లో అంటించాం. చూసి, సంతకం పెట్టి పంపండి. మార్కుల గురించి నేను ప్రత్యేకంగా చెప్పాల్సింది ఏమీ లేదు. అవి చూడగానే చాలా ఇళ్లలో వచ్చే ఒక మాట గురించి మాత్రం రాయాలనిపించింది.

"చదవకపోతే గేదెలు కాసుకుంటావ్." ఇంటిని బట్టి ఈ మాట కొంచెం మారుతుంది. ఒకచోట ఆటో తోలుకోవడం, ఒకచోట హోటల్లో ప్లేట్లు కడగడం, ఇంకోచోట తాపీపని. మా టీచర్ల నోటా వస్తుంది. కోపంలో అనేస్తారు తప్ప ఎవరూ ఆలోచించి అనరు. కానీ వినేవాళ్లు ఎవరో చూడండి. మన బడిలో పాడి మీద బతికే ఇళ్ల పిల్లలున్నారు. ఆటో తోలే నాన్నలు, సెంట్రింగ్ పనికి వెళ్లే నాన్నలు, నాట్లకూ కోతలకూ కూలికెళ్లే అమ్మలు ఉన్నారు. క్లాసులో ఆ మాట అంటే ఒక పిల్లాడు దాన్ని బెదిరింపుగా వింటాడు. పక్కన కూర్చున్న పిల్ల వాళ్ల నాన్న గురించి అన్నట్టు వింటుంది.

అసలు గేదెలు కాయడానికి తెలివి అక్కర్లేదని మనకెవరు చెప్పారు? పాడి ఉన్నవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. ఆవు ఎదకొస్తే, అంటే చూడి కట్టడానికి సిద్ధమైతే, అరుస్తుంది, కట్టుగొయ్య దగ్గర నిలవదు, ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. గేదె చాలాసార్లు బయటపడదు. మూగ ఎద అంటారు దాన్ని. మేత తగ్గించిందా, ఆ పూట పాలు తగ్గాయా, తీగ (జిగురు స్రావం) వేసిందా అని తెల్లవారుజామునే కనిపెట్టాలి. కనిపెట్టలేకపోతే మళ్లీ మూడు వారాలు ఆగాలి. ఆ తర్వాత చూడి పది నెలలు. అంటే ఒక్కరోజు పరధ్యానం ఈత మీద, పాల మీద, ఆ ఇంటి ఫీజుల మీద పడుతుంది. పాల కేంద్రంలో ఫ్యాట్‌ని బట్టి రేటు కడతారు. గేదె పాలలో అది మామూలుగా ఆరు నుంచి ఎనిమిది శాతం ఉంటుంది. పచ్చిమేత, ఎండుగడ్డి, దాణా పాళ్లు మారితే అదీ మారుతుంది. మేం బోర్డు మీద రాసి చెప్పే శాతాల లెక్కను ఆ ఇంటి అమ్మ పూటపూటా నోటితో వేసేస్తుంది. పొదుగువాపు మొదలైతే చేతికి తగిలే వేడిని బట్టి పసిగడుతుంది. ప్రపంచంలో పాలు అందరికంటే ఎక్కువ ఉత్పత్తి చేసే దేశం మనదేనని పాఠంలో గర్వంగా చెబుతాం. అదే గంటలో, మార్కులు తగ్గిన పిల్లాణ్ని అదే పని పేరు చెప్పి భయపెడతాం.

తాపీపని సంగతీ అంతే. బడి ప్రహరీ గోడ కట్టినప్పుడు మూల సరిగ్గా తిరిగిందో లేదో చూసుకోవడానికి మేస్త్రిగారు ఒకవైపు మూడడుగులు, ఇంకోవైపు నాలుగడుగులు కొలిచి గుర్తు పెట్టారు. రెండు గుర్తుల మధ్య ఐదడుగులు వచ్చేదాకా దారం జరిపారు. పదో తరగతి పిల్లలు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. పైథాగరస్ సిద్ధాంతాన్ని తప్పు లేకుండా నిరూపించే ఆ పిల్లల్లో ఎంతమంది గోడ మూల పట్టగలరో నాకు అనుమానమే.

ఈ సెలవుల్లోనే ఆయుధపూజ. ఆటోలకు, ట్రాక్టర్లకు, కుట్టుమిషన్లకు పసుపు రాసి బొట్టు పెడతాం. చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. పలుగూ పారా ఉన్న ఇంట్లో వాటికీ దండం పెడతాం. వాటిని పట్టుకునే మనిషిని మాత్రం ఏడాది పొడుగునా "ఏయ్, ఇటు రా" అని పిలుస్తాం. మన వ్యాను డ్రైవరును, ఆయాలను కొందరు పిల్లలు ఉత్త పేరుతో, నువ్వు అని పిలుస్తున్నారు. డ్రైవరుగారు ఆ పిల్లల నాన్నల కంటే వయసులో పెద్ద. ఇది ఇంట్లో నేర్చుకున్నారా, బడిలో నేర్చుకున్నారా అని వాదించుకోవడం అనవసరం. రెండుచోట్లా వింటూనే ఉన్నారు. ఇక నుంచి బడిలో అన్నయ్య, బాబాయ్, అక్క, పిన్ని, ఏ వరస కుదిరితే ఆ వరస. వాళ్లను పిలిచేది టీచర్లయితే పేరు చివర గారు. ఇది నాకూ వర్తిస్తుంది.

పోయిన పేరెంట్స్ మీటింగులో ఈ సంగతి ఎత్తితే ఒక తండ్రి లేచి, "మేడం, నేనే ఆటో తోలుతున్నాను. నా కొడుక్కి ఈ బతుకు వద్దనే ఆ మాట అంటాను" అన్నారు. ఆ మాటను కాదనే హక్కు నాకు లేదు. కాసేపు ఆయనతో మాట్లాడాను. బండి నడపడం ఆయనకు ఇష్టమే. బండి మీద తీసుకున్న అప్పు వాయిదాలు, ఒంట్లో బాగోలేని రోజున చేతికి రూపాయి రాకపోవడం, వయసు మీద పడితే ఎలాగన్న దిగులు, ఇవీ ఆయన్ను తినేస్తున్నవి. ఈ సంగతులు పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. "ఈ పనికి రావాల్సినంత డబ్బు రావట్లేదురా, జబ్బు చేస్తే ఆదుకునేవాళ్లు లేరు, నువ్వు చదువుకుని ఇంతకంటే మంచి దారి చూసుకో" అంటే వాడికి అర్థమవుతుంది. చదువు మీద భయం పెట్టడానికి నాన్న పనిని నాన్నే తక్కువ చేసి మాట్లాడనక్కర్లేదు.

ఎవరి పని వాళ్ల పిల్లలే చేసుకోవాలని నేను అంటున్నట్టు దయచేసి అనుకోకండి. 1953లో, ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల్లో ఒక పూట చదువు, ఇంకో పూట ఇంటి వృత్తి అనే పథకం తెచ్చింది. ఇది కులవృత్తి చదువంటూ జనం గట్టిగా ఎదురు తిరిగారు. కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక 1954లో ఎత్తేశారు, మంచిపని చేశారు. పాడి ఇంటి పిల్ల డాక్టరు కావాలి. డాక్టరుగారి అబ్బాయికి పాల ప్యాకెట్ వెనక ఎంత చాకిరీ ఉందో తెలియాలి. రెండోది జరగకపోవడం వల్లే మొదటిదాన్ని గొప్ప అద్భుతంలా పేపర్లో వేస్తున్నాం.

ఇంకో సంగతి. హోంవర్క్ చేయని పిల్లాడికి క్లాసు ఊడ్చే పని ఇవ్వడం చాలా బడుల్లో ఉన్న అలవాటు. చీపురు పట్టుకోవడం అవమానమని పిల్లలకు నేర్పడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. మన దగ్గర ఏ టీచరైనా అలా చేస్తే నాకు చెప్పండి. ప్రతి క్లాసు తన గదిని తానే ఊడ్చుకుంటుంది, వంతుల వారీగా, హాజరు పట్టీలో పేర్ల వరసలో. మార్కులతో, కులంతో, ఆడామగా తేడాతో దీనికి సంబంధం లేదు. ముగ్గులు అమ్మాయిలు వేయాలి, బెంచీలు అబ్బాయిలు మోయాలి అన్న పంపకం కూడా ఆపేశాం. (మొన్న ఎనిమిదో తరగతి అబ్బాయిలు వేసిన ముగ్గు చూసి అందరం నవ్వుకున్నాం, కానీ చుక్కల లెక్క మాత్రం తప్పలేదు.) మరుగుదొడ్లు పిల్లల చేత కడిగించం. ఆ పనికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఉన్నారు, గ్లౌజులు, బూట్లు ఇచ్చాం. "ఫీజు కట్టి పంపేది ఊడవడానికా?" అని కొందరు ఫోన్ చేశారు. పది నిమిషాల పని అది. మీ పిల్లలు కూర్చున్న చోటే మీ పిల్లలు ఊడుస్తున్నారు.

అడ్మిషన్ ఫారంలో తల్లి వృత్తి అన్న గడి ఉంటుంది. చాలామంది అందులో "ఏమీ లేదు" అని రాస్తారు. కొందరు అడ్డగీత గీస్తారు. అమ్మలే స్వయంగా అలా రాయడం కూడా చూశాను. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పిల్లల్ని, ముసలివాళ్లను చూసుకునే సమయం ఇందులో కలపలేదు, దానికి వేరే లెక్క ఉంది. పైగా ఆ 88 నిమిషాలు ఎంతోకొంత ఇంటిపని చేసిన మగవాళ్ల సగటు. అసలు చేయి పెట్టనివాళ్లు ఆ లెక్కలోకే రారు. రోజుకు దాదాపు ఐదు గంటల పనికి ఎదురుగా "ఏమీ లేదు" అని రాయించే కాగితం మన బడి పేరుతో ఉండటం బాగోలేదు. వచ్చే ఏడాది నుంచి ఆ గడి రెండుగా ఉంటుంది: ఇంట్లో చేసే పని, బయట చేసే పని. అమ్మకూ నాన్నకూ రెండు గడులూ ఉంటాయి. నాన్నలు మొదటి గడిలో ఏం రాస్తారో చూడాలని నాకు ఆత్రంగా ఉంది.

చేతిపనిని ఇంత తేలిగ్గా తీసేసే మనమే, కుర్చీలో కూర్చుని ఎంతసేపు పనిచేస్తే అంత గొప్ప అనుకుంటున్నాం. పెళ్లిలో ఎవరైనా కలిస్తే, బాగున్నారా అన్న రెండో నిమిషంలో "అబ్బాయి ప్యాకేజీ ఎంత?" అని అడుగుతాం. "అస్సలు తీరిక లేదండీ" అన్న జవాబు వింటే మెచ్చుకోలుగా తల ఊపుతాం. దేశం కోసం యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్‌గారు 90 గంటల దాకా వెళ్లారు. రోజుకు 8, వారానికి 48 గంటలన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒప్పందం. మన 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా వారానికి 48 దగ్గరే గీత గీసింది, వరసగా ఐదు గంటలు పనిచేయించాక కనీసం అరగంట విరామం ఇవ్వాలంది.

ఇప్పుడు మన పదో తరగతి పిల్లల రోజు చూడండి. ఎనిమిదిన్నర నుంచి ఐదు దాకా బడి. ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ట్యూషన్. అన్నం తిన్నాక గంటసేపు హోంవర్క్. మధ్యాహ్న భోజనం గంట తీసేసినా రోజుకు పదకొండు గంటలు, ఆరు రోజులకు 66. ఆదివారం ట్యూషన్‌లో టెస్టు ఉంటే నారాయణమూర్తిగారి లెక్క దాదాపు పూర్తయినట్టే, అదీ పదిహేనేళ్ల వయసుకే. ఆ పిల్ల సాయంత్రం అరగంట మెట్ల మీద కూర్చుని ఊరికే వీధి చూస్తే మనకు టెన్షన్ మొదలవుతుంది. "ఖాళీగా కూర్చున్నావేంటి?" అంటాం.

ట్యూషన్ మాన్పించమని మీకు చెప్పడం నా పరిధి కాదు. నా చేతిలో ఉన్నవి చేస్తున్నాను. రాత్రి ఏడు దాటాక క్లాసు వాట్సాప్ గ్రూపుల్లో టీచర్లు ఏమీ పెట్టరు, పెట్టనివ్వను. మీరు కూడా ఏడు తర్వాత టీచర్లకు ఫోన్ చేయకండి. వాళ్లకూ ఇళ్లున్నాయి, వాళ్ల పిల్లలకూ హోంవర్క్ ఉంది. పిల్లల ఆరోగ్యం లాంటి అత్యవసరం ఏదైనా ఉంటే నా నంబరు ఎప్పుడూ పనిచేస్తుంది.

ఈ దసరాకు హాలిడే హోంవర్క్ పుస్తకాలు లేవు. ఒకే పని ఇస్తున్నాం. ప్రతి పిల్లా పిల్లాడూ ఇంట్లో ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా తామే చేయాలి, సెలవులన్నీ అదే పని. బట్టలైతే నానబెట్టడం దగ్గర్నుంచి మడత పెట్టడం దాకా. వంటయితే కూరగాయలు కొనడం దగ్గర్నుంచి గిన్నెలు కడగడం దాకా. మధ్యలో మీరు అందుకుని చేసేయకండి, అన్నం మాడినా సరే. మీ వీధిలో ఏదో ఒక పని చేసుకునే మనిషిని పలకరించి, ఎన్నింటికి లేస్తారు, ఏ పనిముట్టు లేకపోతే రోజు గడవదు, ఆ పనిలో అన్నిటికంటే కష్టమైనది ఏది అని అడిగి రాసుకు రావాలి. ఎంత సంపాదిస్తారని మాత్రం అడగకూడదని చెప్పాం. వాళ్లంతట వాళ్లు చెబితే వినొచ్చు.

బడి తెరిచాక ప్రతి శుక్రవారం చివరి పీరియడ్ "పని గంట". 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, ఊళ్లోని పనివాళ్ల దగ్గర నేర్చుకునే అవకాశం ఇవ్వమంది. మనం తొమ్మిది, పది తరగతులను కూడా కలుపుకుంటున్నాం. పని గంటలో మీలో ఒకరు వచ్చి మీ పని గురించి పిల్లలకు చెప్పాలి, వీలైతే చేసి చూపించాలి. మోటారు వైండింగ్ చేసే తండ్రి ఒకరు, బ్లౌజులు కుట్టే తల్లి ఒకరు, బ్యాంకు క్యాషియరుగారు ఒకరు ఇప్పటికే ఒప్పుకున్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్లూ రావచ్చు, కానీ స్లైడ్లు వద్దు. ఇంటిపని గురించి చెప్పడానికి మాత్రం ఇంకా ఎవరూ ముందుకు రాలేదు, "అందులో చెప్పేదేముంది మేడం" అంటున్నారు. ఆ మాట అన్నవాళ్లకు నేనే ఫోన్ చేస్తాను.

రావాలనుకునేవాళ్లు డైరీ చివరి పేజీలో పేరు, పని, వీలైన శుక్రవారం రాసి పంపండి. రోజు కూలి పోగొట్టుకుని ఎవరూ రానక్కర్లేదు. మీ పనిచోటు బడికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే పిల్లల్ని తీసుకుని మేమే మీ దగ్గరికి వస్తాం. ఎండ తగ్గాక ఏ వేళయితే మీ పనికి అడ్డం ఉండదో అదొక్కటి రాయండి చాలు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు