రైడ్ ఆగిపోతే కిందికి దించేదెవరు? పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అమ్యూజ్‌మెంట్ పార్కుల్లో, ఎగ్జిబిషన్లలో రైడ్ మధ్యలో ఆగిపోతే పైనున్నవారిని ఎవరు, ఎలా, ఎంతసేపట్లో కిందికి దించాలో రాతపూర్వకంగా ఇవ్వని యాజమాన్యానికి అనుమతి ఇవ్వరాదని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

వేసవి సెలవుల్లో కుటుంబమంతా కలిసి వెళ్లిన ఒక పార్కులో మేమెక్కిన రైడ్ బాగా ఎత్తున ఆగిపోయింది. ఆగినందుకు నా ఫిర్యాదు కాదు. సెన్సర్‌కు చిన్న తేడా కనిపించినా రైడ్ తనంతట తానే నిలిచిపోయే ఏర్పాటు ఉంటుందని, అది మన ప్రాణరక్షణ కోసమేనని నాకు తెలుసు. నా బాధంతా ఆ తర్వాత జరిగినదాని గురించే. ఎండకు కాలిన ఇనుప కడ్డీ తొడల మీద బిగుసుకుని ఉంది. ఫోన్లన్నీ ముందే లాకర్లో పెట్టించారు కనుక ఎవరికీ కబురు చేసే వీలు లేదు. మైకులో పాటలు మోగుతూనే ఉన్నాయి గానీ, ఏం జరిగిందో, ఇంకెంతసేపు పడుతుందో చెప్పే మాట ఒక్కటీ వినబడలేదు. కింద ఆపరేటర్ కుర్రాడు ఒకే బటన్‌ను పదేపదే నొక్కుతున్నాడు. అంతకు మించి ఏం చేయాలో అతనికి ఎవరూ నేర్పినట్టు లేదు. షుగర్ ఉన్న మా అత్తగారికి భోజనం వేళ దాటి చెమటలు పడుతుండగా, మా చిన్నవాడు "అమ్మా, బెల్టు తీసేయనా?" అని అడిగాడు. ఏమీ తెలియని భయంలో ఎవరికైనా తోచేది అదే, ప్రాణాల మీదికి తెచ్చేదీ అదే.

2025 జనవరిలో హైదరాబాద్ నాంపల్లిలోని నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఒక రైడ్ ఆగిపోయి, అందులోనివారు చాలాసేపు తలకిందులుగా వేలాడిన సంగతి మీకు తెలియనిది కాదు. అదే ఏడాది మేలో చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డులోని ఒక పార్కులో ముప్పై మందికి పైగా గంటల తరబడి పైనే చిక్కుకుంటే, చివరికి అగ్నిమాపక సిబ్బంది వచ్చి దించవలసి వచ్చింది. రైడ్ల భద్రతకు ఐ.ఎస్. 15475 పేరిట జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. వాటిని అనుమతి పత్రంలో షరతుగా చేర్చి, తనిఖీ చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

కరెంటు పోయినా చేత్తోనో, జనరేటర్‌తోనో రైడ్‌ను కిందికి తెచ్చే ఏర్పాటు ఉందా, అగ్నిమాపక శాఖ నిచ్చెన అంత ఎత్తుకు అందుతుందా అన్నది అనుమతికి ముందే తేలాలి. కాగితం మీద సంతకంతో సరిపెట్టకుండా, పార్కు సిబ్బందినే సీట్లలో కూర్చోబెట్టి, రైడ్‌ను పైన ఆపి, అధికారుల ఎదుట దించి చూపించమనాలి. ఊరూరా విప్పి బిగించే జెయింట్ వీల్‌కైతే బిగించిన ప్రతిసారీ ఈ పరీక్ష తప్పనిసరి చేయాలి. ఎవరికీ గాయం కాకపోయినా, జనంతో రైడ్ ఆగిన ప్రతి సంఘటననూ నమోదు చేసి, ఆ వివరాలను టికెట్ కౌంటర్ దగ్గర అందరికీ కనబడేలా పెట్టించాలి.

నుమాయిష్ సాధారణంగా ఏటా జనవరి 1న మొదలవుతుంది. రాబోయే నుమాయిష్‌లో మొదటి రైడ్ తిరగకముందే ఈ ఉత్తర్వులు వెలువడేలా చూడాలని వేడుకుంటున్నాను.

భవదీయురాలు,
ఇద్దరు పిల్లల తల్లి, వరంగల్