ఖాళీ సీసాకు డిపాజిట్ పెట్టండి

సంపాదకులు గారికి,

తమిళనాడు, కేరళ చేస్తున్నట్టు ఆంధ్రప్రదేశ్‌లోనూ మద్యం సీసాలకు డిపాజిట్ పద్ధతి తేవాలని, దాన్ని నీళ్లు, కూల్‌డ్రింకుల సీసాలకూ వర్తింపజేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

తమిళనాడులో ఇది 2022 మేలో నీలగిరి జిల్లాలో మొదలైంది. పగిలిన సీసాలు అడవిలో ఏనుగుల కాళ్లలో గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు గట్టిగా చెప్పాక టాస్మాక్ అనే ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే వాపసు ఇవ్వసాగారు. తర్వాత మిగతా జిల్లాలకూ విస్తరించారు. కేరళ 2025 సెప్టెంబరులో తిరువనంతపురం, కన్నూరుల్లో 20 రూపాయలతో మొదలుపెట్టింది.

ఏనుగుల సంగతి సరే, మా పొలాల్లో దిగేది మనుషులు. రోడ్డు పక్క చేలున్న రైతులం దమ్ముకు ముందు గట్ల వెంట తిరిగి క్వార్టర్ సీసాలు గోనెసంచుల్లోకి ఎత్తుతాం. కల్వర్టు మీద కూర్చుని తాగినవాళ్లు విసిరేసినవే అన్నీ. ఎంత ఏరినా బురదలో కూరుకున్న పెంకు కంటికి కనపడదు. నాట్లేసే ఆడవాళ్లు చెప్పుల్లేకుండా దిగుతారు. పోయిన ఖరీఫ్‌లో ఒకామె అరికాలు తెగి, కుట్లు పడి, నాట్లు అయ్యేదాకా పనిలోకి రాలేకపోయింది. ఆ కూలి డబ్బులు ఆమెకు ఎవరిస్తారు?

డిపాజిట్ మనకు కొత్తేమీ కాదు. కూల్‌డ్రింకులు గాజు సీసాల్లో వచ్చిన రోజుల్లో ఇంటికి పట్టుకెళ్లాలంటే కొట్లో సీసా డబ్బులు కట్టాల్సిందే. తిరుమలలో ప్లాస్టిక్ సీసాలు ఆపి గాజు సీసాల్లో నీళ్లమ్ముతున్నదీ ఈ పద్ధతిలోనే.

ఒక ఇబ్బంది ఉన్న మాట నిజం. తమిళనాడు, కేరళల్లో మద్యం అమ్మేది ప్రభుత్వ సంస్థలు. మన దగ్గర 2024 అక్టోబరు నుంచి దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. ఖాళీ సీసా తెచ్చినవాడిని "చిల్లర లేదు, రేపు రా" అని రెండుసార్లు తిప్పితే మూడోసారి ఎవడూ రాడు. అందుకే ఎక్కడ కొన్న సీసానైనా వెనక్కి తీసుకోవడాన్ని లైసెన్సు షరతు చేయాలి. అందుకు చోటు, మనిషి కావాలి కాబట్టి సీసాకు ఇంత అని షాపుకు ఖర్చులూ ఇవ్వాలి. ఎవరూ తిరిగివ్వని సీసాల డబ్బు ఎటూ మిగులుతుంది, దాంట్లోంచే ఇవ్వొచ్చు. మద్యం హోల్‌సేల్ అంతా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌దే కాబట్టి ఎన్ని సీసాలు బయటికి వెళ్లాయో లెక్క ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. సీసా ఒంటి మీద విడిగా స్టిక్కర్ వేస్తే పక్క రాష్ట్రం సరుకు ఇందులో కలవదు.

ముఖ్యంగా, సీసా తెచ్చినవాళ్లను బిల్లు అడగకూడదు. చెత్త ఏరుకుని బతికేవాళ్లు ఇప్పుడు ప్లాస్టిక్ సీసా తీసుకుని గాజు సీసాను అక్కడే వదిలేస్తారు. మోయలేనంత బరువు, పాత సామాన్ల కొట్లో దానికి వచ్చేది దాదాపు శూన్యం. అదే దాని మీద పది రూపాయలుంటే గట్ల మీద ఒక్కటి కూడా మిగలదు.

చట్టం రాసేటప్పుడే అన్ని పానీయాల సీసాలూ చేర్చాలి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 1971లోనే ఇలాంటి చట్టం చేసినా బీరు, సోడాల దగ్గరే ఆగింది. నీళ్ల సీసాలు అందులోకి వచ్చేసరికి 2009 అయింది. డిపాజిట్ కూడా 5 సెంట్ల దగ్గరే ఉండిపోవడంతో సీసాలు తిరిగిరావడం తగ్గి, చివరికి 2017లో 10 సెంట్లు చేశారు. మనం పెట్టే మొత్తాన్ని కొన్నేళ్లకోసారి సవరించే వీలు మొదట్నుంచీ ఉండాలి.

2024లో ఇచ్చిన మద్యం షాపుల లైసెన్సులు రెండేళ్లవి. తర్వాతి లైసెన్సుల నిబంధనల్లోనే ఈ షరతు చేర్చాలని ఎక్సైజ్ శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రైతు,
గుంటూరు జిల్లా