గంధపు నూనెకు అరగంట పరీక్ష చాలదు

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

అక్షయ తృతీయ వారంలో మీ పత్రిక మహిళల పేజీలో గంధపు నూనె మీద వచ్చిన వ్యాసానికి చర్మవ్యాధుల వైద్యులెవరైనా జవాబు రాస్తారేమోనని ఇన్నాళ్లూ ఎదురుచూశాను. ఒక్క ముక్క రాలేదు. ఈలోగా ఆ వ్యాసాన్ని ఫొటో తీసి బరంపురంలోని మా బంధువుల వాట్సాప్ గ్రూపులన్నింటిలోనూ తిప్పుతున్నారు కనుక ఇక ఊరుకోలేక రాస్తున్నాను. గంధపు నూనె ప్రకృతి సిద్ధమైనది కాబట్టి ఎవరికీ హాని చేయదనీ, అనుమానం ఉన్నవారు మణికట్టు మీద ఒక చుక్క రాసి అరగంట ఆగి, దద్దురు రాకపోతే నిశ్చింతగా ముఖానికి నేరుగా పట్టించవచ్చనీ అందులో రాశారు. మొదటి మాట తప్పు. రెండోది అంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే పరీక్ష చేసుకున్నామన్న ధీమాతో మనిషి జాగ్రత్త మానేస్తుంది.

గంధపు నూనెను విషమని నేను అనడం లేదు. దాల్చినచెక్క, నిమ్మగడ్డి వంటి నూనెలతో పోలిస్తే దీనివల్ల అలర్జీ వచ్చేవారు తక్కువ. కానీ కొందరికి వస్తుందన్నది వైద్యులు ఎప్పుడో నమోదు చేసిన సంగతి. ఘాటైన పదార్థం తగిలితే చర్మం వెంటనే మండుతుంది, అది ఎవరికైనా తెలుస్తుంది. అలర్జీ అలా బయటపడదు. మొదట్లో ఎన్నిసార్లు రాసుకున్నా ఏమీ కనిపించకపోవచ్చు. ఆ సమయంలోనే రోగనిరోధక కణాలు ఆ పదార్థాన్ని గుర్తుపెట్టుకుంటాయి, దానికి పది పదిహేను రోజులు పట్టవచ్చు. ఆ తర్వాత ఆ నూనె ఏ సబ్బులోనో పౌడరులోనో కాస్త తగిలినా, ఒకటి రెండు రోజులకు దురద, ఎర్రదనం, నీటి పొక్కులు మొదలవుతాయి. ఒకసారి ఆ గుణం పట్టుకుంటే సాధారణంగా జీవితాంతం వదలదు. అందుకే వైద్యులు ప్యాచ్ పరీక్షలో పదార్థాన్ని వీపు మీద 48 గంటలు అంటించి ఉంచి, తీసినప్పుడు ఒకసారి, 96 గంటలకు మరోసారి చూసి గానీ తీర్పు చెప్పరు. రోజులు గడిచాక కనిపించవలసిన దాన్ని అరగంటలో వెతకమనడం ఏ శాస్త్రం?

మా తమ్ముడి కోడలు ఈ వ్యాసం రాకముందే ఇటువంటి సలహానే నమ్మి, ఒక ఎగ్జిబిషన్‌లో కొన్న గంధపు నూనెను రోజూ రాత్రి మెడకూ చెంపలకూ రాసుకునేది. మొదటి వారాల్లో అందరూ మెచ్చుకున్నారు. తర్వాత చెవితమ్మెల కింద దురద మొదలై, గోళ్లతో గీరిన చోటల్లా ఎర్రని చారలు తేలాయి. వైద్యుడు నూనె మాన్పించి మందు రాసిస్తే దురద తగ్గింది గానీ, మెడ పక్కల బూడిద, గోధుమ రంగులు కలిసిన మచ్చలు వలలా అల్లుకుని మిగిలిపోయాయి. పెళ్లిళ్లకు పిలిస్తే ఎండాకాలంలో కూడా మెడ నిండా జాకెట్టు కుట్టించుకుని వస్తోంది. జపాన్‌లో 1970ల నాటికే సౌందర్య సాధనాల వల్ల ముఖం నల్లబడిన స్త్రీలను పరీక్షించిన వైద్యులు, కారణమైన సుగంధ ద్రవ్యాల్లో గంధపు నూనె కూడా ఉందని గుర్తించారు. మన వంటి చామనఛాయ చర్మానికి వాపు తగ్గాక నలుపు మిగిలే స్వభావం ఎక్కువ. మీ వ్యాసకర్త మాత్రం ఇదే నూనెను మచ్చలకు మందని సిఫారసు చేశారు.

మా తమ్ముడి కోడలు కొన్న సీసాను నేను భూతద్దం పెట్టి చదివాను. నూటికి నూరు శాతం స్వచ్ఛమని పెద్ద అక్షరాల్లో ఉంది. ఏ చెట్టు నూనెయో లేదు, బ్యాచ్ నంబరు చెరిగిపోయింది, పలుచన చేసి వాడాలన్న మాట ఎక్కడా లేదు. వెల పది మిల్లీలీటర్లకు నూట ఇరవై రూపాయలు. అసలైన శ్రీగంధం నూనె కిలో లక్ష రూపాయలు దాటి చాలా కాలమైంది, అంటే పది మిల్లీలీటర్లు వెయ్యి రూపాయలకు తక్కువ రావడానికి వీల్లేదు. ఈ లెక్క మా గంజాం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. మొగలి పూలను రాగి పాత్రల్లో మరిగించి ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టించడం ఇక్కడి అత్తరు బట్టీల పాత పద్ధతి. నూనె ధర భరించలేకే ఇప్పుడు ఎందరో దాని బదులు లిక్విడ్ పారఫిన్ అనే పెట్రోలియం నూనె పోస్తున్నారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌వో 3518 ప్రకారం శ్రీగంధం నూనెలో దాని వాసనకు మూలమైన ఆల్ఫా శాంటలాల్ 41 నుంచి 55 శాతం, బీటా శాంటలాల్ 16 నుంచి 24 శాతం ఉండాలి. ఆస్ట్రేలియా గంధంలో శాంటలాల్ తగ్గి, అలర్జీ కారకంగా పేరుపడ్డ ఫార్నెసాల్ పెరుగుతుంది. వెస్టిండీస్ గంధమని అమ్మే అమైరిస్ అసలు గంధపు కుటుంబమే కాదు. చవక సీసాలో వీటిలో ఏది ఉందో, వీటితోపాటు ఏ కృత్రిమ రసాయనం ఉందో కొన్నవారికి తెలిసే దారి లేదు. రేపు వైద్యుడు దేనికి పరీక్ష చేయాలి?

యూరోపియన్ యూనియన్ 2023లో గంధపు నూనెనూ శాంటలాల్‌నూ పేరుతో ప్రకటించవలసిన అలర్జీ కారకాల జాబితాలో చేర్చింది. చర్మం మీద ఉండిపోయే వాటిలో 0.001 శాతం, కడిగేసుకునే వాటిలో 0.01 శాతం మించితే లేబుల్ మీద ఆ పేరు ఉండాలి. కొత్త సరుకుకు గడువు 2026 జూలై 31. గంధపు చెట్టు మనది, సింహాచలం చందనోత్సవమూ పూరీ చందనయాత్రా మనవి, కానీ మన సీసాల మీద పెర్‌ఫ్యూమ్ అన్న ఒక్క మాట అచ్చు వేస్తే చాలుతోంది. ఫిర్యాదు చేద్దామని వెళ్తే, తయారైనది సరిహద్దు అవతల ఆంధ్రలో కాబట్టి అక్కడే చెప్పుకోమని ఇక్కడి అధికారి, అమ్మింది ఒడిశాలో కాబట్టి తమకు సంబంధం లేదని అక్కడి అధికారి తేల్చేశారు. ఇచ్ఛాపురం దాటి సరుకు రావడానికి అడ్డులేని సరిహద్దు, ఫిర్యాదు వెళ్లడానికి ఎందుకు అడ్డమవుతోందో ఎవరైనా సమాధానం చెప్పాలి. ఇక్కడి తెలుగువారి మొర వినే అధికారి రెండు వైపులా కరువయ్యారు.

పత్రికలను కూడా అడగవలసి ఉంది. ఒకప్పుడు ఆరోగ్యం శీర్షిక కింద వైద్యుల పేరూ అర్హతా కనిపించేవి. ఇప్పుడు ఎవరు రాశారో తెలియదు, అచ్చుకు ముందు విషయం తెలిసినవారెవరైనా చదివారో లేదో తెలియదు.

దయచేసి అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. సాన మీద నీటితో అరగదీసిన గంధం వేరు, చెక్కలో కొద్ది పాళ్ళే ఉండే నూనెను బట్టీ పెట్టి తీసిన గాఢమైన తైలం వేరు అని చెప్పండి. తైలాన్ని నేరుగా రాయకూడదని, రెండు శాతానికి మించకుండా, అంటే పది మిల్లీలీటర్ల కొబ్బరి నూనెకో నువ్వుల నూనెకో నాలుగు చుక్కల చొప్పున కలుపుకోవాలని రాయండి. ఆ మిశ్రమాన్ని మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు కనీసం వారం రోజులపాటు ఒకే చోట రాసి చూడాలని, దురద వస్తే ఆ క్షణమే ఆపి సీసాతో సహా వైద్యుడి దగ్గరకు వెళ్లాలని, ఇదివరకే సెంట్లు, అత్తర్లు పడనివారు ఇంట్లో పరీక్షలు పెట్టుకోకుండా ముందే వైద్యుడిని అడగాలని కూడా చేర్చండి. వ్యాసం మా ఒడిశా పాఠకులకు చేరే ప్రతిలోనూ వచ్చింది కనుక సవరణ కూడా ఆ ప్రతిలో తప్పక రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత సైన్సు ఉపాధ్యాయురాలు,
బరంపురం, గంజాం జిల్లా