జొన్నరొట్టెల బండికి చోటేది?

సంపాదకులకు,

నల్లగొండ రామగిరిలో మా వీధి మొదట్లో ఒకామె రోజూ సాయంత్రం జొన్నరొట్టెలు కాల్చేది. తడిచేత్తో పలచగా తట్టి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డ అద్దేది. పక్కన కాసింత గోంగూర పచ్చడి. చక్కెర వ్యాధి ఉన్న నాకు అదే రాత్రి భోజనం. ఇప్పుడక్కడ మండీ హోటల్ వెలిసింది, బండి తీయించారు. నలుగురూ ఒకే పళ్లెంలో తినే ఆ మండీ మా మనవడికి ప్రాణం. దానితో నాకు పేచీ లేదు. కానీ 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రం ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. మా వీధిలో ఆ సర్వే ఎప్పుడు జరిగింది? ఆమె ఇప్పుడు గడియారం సెంటర్ వైపు కూర్చుంటోంది. అక్కడి నుంచి ఇంటికి తెచ్చేసరికి రొట్టె అట్టముక్కవుతోంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ