ఆ పద్దును దిద్దవద్దు

నోవై, మిషిగన్.

చిరంజీవి నాన్నకు అమ్మ దీవించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నీవు కూడా క్షేమమని తలుస్తాను. ఆదివారం ఫోనులో బేస్‌బాల్ పిచర్ (బంతి విసిరేవాడు) అర్మాండో గలరాగా 2010లో వేసిన ఆట ప్రస్తావన వచ్చినప్పుడు, ఆ ఆటను పర్ఫెక్ట్ గేమ్‌ల, అంటే వచ్చిన 27 మంది బ్యాటర్లలో ఒక్కడూ బేస్ చేరని ఆటల, జాబితాలో చేర్చకపోవడం అన్యాయమని, మేజర్ లీగ్ బేస్‌బాల్ వారు ఇప్పటికైనా తమ పద్దు దిద్దుకోవాలని నీవు గట్టిగా వాదించావు. మీ నాన్నగారు ఎప్పటిలాగే నీ పక్షం చేరారు. నేను కాదన్నాను కాని, ఎందుకు కాదన్నానో చెప్పే వ్యవధి మీరిద్దరూ నాకు ఇవ్వలేదు. అందుకని తీరికగా కూర్చుని వ్రాస్తున్నాను.

జరిగిన దాని విషయంలో మనకు తగవు లేదు. 2010 జూన్ 2 బుధవారం రాత్రి డెట్రాయిట్ కొమెరికా పార్క్‌లో క్లీవ్‌లాండ్ జట్టు మీద మన డెట్రాయిట్ టైగర్స్ పిచర్ గలరాగా వరుసగా 26 మందిని అవుట్ చేశాడు. అతనేమీ పేరుమోసిన పిచర్ కాదు. వెనిజులా నుంచి వచ్చి, ఆ మే నెలలోనే టొలీడోలోని చిన్న లీగ్ నుంచి తిరిగి పైకి పిలిపించుకున్నవాడు. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదటి బ్యాటర్ మార్క్ గ్రుడ్జిలానెక్ కొట్టిన బంతి ఎడమ మధ్య మైదానంలో చాలా లోతుకు వెళ్లింది. టైగర్స్ ఫీల్డర్ ఆస్టిన్ జాక్సన్ వెనుదిరిగి పరుగెత్తి, భుజం మీదుగా దానిని పట్టుకున్నాడు. ఆ పట్టు చూసినవారెవరికైనా ఇక ఈ రాత్రి ఇతనిదే అనిపిస్తుంది. ఇరవై ఏడో బ్యాటర్ జేసన్ డొనాల్డ్. అతను నేలబారుగా కొట్టిన బంతిని ఫస్ట్ బేస్‌మన్ మిగెల్ కాబ్రెరా తన కుడివైపు దూరం వెళ్లి అందుకుని, బేస్ దగ్గరికి పరుగెత్తుకు వచ్చిన గలరాగాకు విసిరాడు. బంతి గ్లవ్‌లో పడింది, కాలు బేస్ మీద ఉంది, డొనాల్డ్ ఇంకా ఒక అడుగు వెనకే ఉన్నాడు. అంపైర్ జిమ్ జాయిస్ రెండు చేతులూ చాచి సేఫ్, అంటే అవుట్ కాదు, అన్నాడు. డొనాల్డ్ కూడా రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. గలరాగా చిన్నగా నవ్వి, బంతి తీసుకుని తిరిగి మట్టిదిబ్బ మీదికి వెళ్లి, తర్వాతి బ్యాటర్ ట్రెవర్ క్రోను అవుట్ చేసి 3-0తో ఆట ముగించాడు. మొత్తం వేసినవి 88 బంతులు.

ఇందులో అన్యాయం లేదని నేను అనడం లేదు. వీడియో చూశాక జాయిస్ కూడా అన్యాయం జరిగిందనే ఒప్పుకున్నాడు. నా మాటల్లా, అన్యాయం జరిగిన ప్రతి చోటా పద్దు మార్చుకుంటూ పోతే, ఆ పద్దులో మిగిలేది ఆట కాదని.

ఇది అర్థం కావాలంటే పర్ఫెక్ట్ గేమ్ అనేది ఎవరి సొత్తు అన్న దగ్గరికి రావాలి. ఒకసారి మీ తాతగారు నన్ను ఇదే అడిగారు. ఆయనకు తెలిసింది క్రికెట్, అందులోనూ 1999 ఫిబ్రవరిలో ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లాలో అనిల్ కుంబ్లే పాకిస్తాన్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో పది వికెట్లూ తీసిన ఆట ఆయనకు బంతి బంతీ కంఠతా. తొమ్మిది వికెట్లు పడ్డాక, పదోది కుంబ్లేకే దక్కాలని శ్రీనాథ్ అవతలి కొసన వికెట్‌కు దూరంగా బంతులు వేశాడు. చివరికి వసీం అక్రమ్ ఇచ్చిన క్యాచ్‌ను పట్టినవాడు మన హైదరాబాదు లక్ష్మణ్. "అలాంటిదేనా ఇది?" అన్నారు తాతగారు. కాదని చెప్పాను. అక్కడ తోటి ఆటగాడు కావాలని తప్పుకుని సాయం చేయగలడు. ఇక్కడ అటువంటి వెసులుబాటు లేదు. వచ్చిన 27 మందీ వచ్చిన దారినే తిరిగి డగౌట్‌కు పోవాలి. హిట్ (బ్యాటర్ బంతి కొట్టి బేస్ చేరడం) ఇవ్వకూడదు, వాక్ (నాలుగు చెడ్డ బంతులకు, అంటే బాల్స్‌కు, ఊరికే ఇచ్చే ఫస్ట్ బేస్) ఇవ్వకూడదు, బంతి బ్యాటర్ ఒంటికి తగలకూడదు, వెనక నిలుచున్న ఏడెనిమిది మందిలో ఏ ఒక్కడి చేయీ జారకూడదు. పిచర్ తన పని తాను లోపం లేకుండా చేసినా, ఇంకొకరు చేసిన తప్పుకు అది పోతుంది. అంపైర్ కన్ను కూడా ఆ లెక్కలోదే. అందుకనే 1880లో లీ రిచ్‌మండ్ మొదలుకుని 2023లో డొమింగో హెర్మన్ వరకు, రెండు లక్షలకు పైగా జరిగిన ఆటల్లో ఇవి 24 మాత్రమే. ఏ పిచర్‌కూ ఇది రెండుసార్లు దక్కలేదు.

ఇప్పుడు ఆ 24లోనే అన్నిటికన్నా పేరున్న దానిని తీసుకుందాం. 1956 అక్టోబర్ 8న, ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ ఐదో ఆటలో యాంకీస్ తరఫున డాన్ లార్సెన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ మీద వేసినది. వరల్డ్ సిరీస్‌లో పర్ఫెక్ట్ గేమ్ అంటే అప్పటికీ ఇప్పటికీ అదొక్కటే. క్యాచర్ యోగి బెర్రా లార్సెన్ మీదికి ఎగిరి కరుచుకున్న ఫోటో నీవు చూసే ఉంటావు. అయితే ఆ ఫోటోకు ముందు క్షణం సంగతి చూడు. చివరి బ్యాటర్ డేల్ మిచెల్ ఆ ఆఖరి బంతికి బ్యాట్ తిప్పబోయి ఆపుకున్నాడు. అంపైర్ బేబ్ పినెల్లి స్ట్రైక్ అని చేయి ఎత్తాడు. మూడు స్ట్రైక్‌లు పడితే బ్యాటర్ అవుట్. ఆ బంతి స్ట్రైక్ జోన్ (స్ట్రైక్‌గా లెక్కించే హద్దు) బయట పడిందని మిచెల్ ఆ తర్వాత కూడా చెబుతూనే ఉన్నాడు, చూసినవారిలో అతనితో ఏకీభవించినవారూ లేకపోలేదు. మరి పిచర్‌కు వ్యతిరేకంగా జరిగిన పొరపాటును దిద్దాలంటే, పిచర్‌కు అనుకూలంగా జరిగిందేమోనన్న అనుమానం ఉన్నదాన్ని ఏం చేయాలి? లార్సెన్ పేరు కొట్టివేయమని నీవు గాని మీ నాన్నగారు గాని అడుగుతారా? అడగరు. మనకు జాలి ఒకవైపే పనిచేస్తోంది.

మిల్ట్ పాపస్ సంగతి దీనికి సరిగ్గా అడ్డం తిప్పినట్టు ఉంటుంది. 1972 సెప్టెంబర్ 2న చికాగో కబ్స్ తరఫున శాన్ డియేగో మీద 26 మందిని అవుట్ చేశాడు. స్కోరు 8-0, అంటే గెలుపు ఎప్పుడో ఖాయమైపోయింది. ఇరవై ఏడో బ్యాటర్ లారీ స్టాల్‌కు ఒక బాల్ పోగా రెండు స్ట్రైక్‌లు కూడా పడ్డాయి. తర్వాతి మూడు బంతులనూ అంపైర్ బ్రూస్ ఫ్రోమింగ్ బాల్స్ అనడంతో స్టాల్ వాక్‌తో ఫస్ట్ బేస్ చేరాడు. పాపస్ తర్వాతి బ్యాటర్‌ను అవుట్ చేసి నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) దక్కించుకున్నాడు కాని, ఫ్రోమింగ్ మీద కోపం అతనిని చనిపోయేదాకా విడిచిపెట్టలేదు. అలాంటి సమయంలో కొంచెం అటూఇటూగా ఉన్న బంతిని స్ట్రైక్ అనవచ్చు గదా అన్నది అతని ఫిర్యాదు. ఈ ఒక్క విషయంలో నాకు పాపస్ మీద జాలి లేదు. అంపైర్ తనకు కనిపించింది చెప్పాడు. అంతకు మించి అతని నుంచి కోరేది కానుక అవుతుంది. కానుకగా వచ్చే పర్ఫెక్ట్ గేమ్ ఎందుకు?

మాక్స్ షెర్జర్‌ది మరొక రకం. 2015 జూన్ 20న వాషింగ్టన్‌లో మీ పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు మీదే 26 మందిని అవుట్ చేసి, ఇరవై ఏడో బ్యాటర్ హోసే తబాటాకు రెండు స్ట్రైక్‌లు వేశాక, ఒక బంతి అతని మోచేతి కవచానికి తగిలింది. తబాటా తప్పుకోలేదు సరికదా, మోచేతిని కొంచెం కిందికి దించాడు కూడా. తప్పుకునే ప్రయత్నం చేయని బ్యాటర్‌కు బేస్ ఇవ్వనక్కరలేదని నిబంధన ఉంది. అయినా ఇచ్చారు. షెర్జర్ గొడవపడలేదు, మరుసటి బ్యాటర్‌ను అవుట్ చేసి నో-హిట్టర్‌తో ఇంటికి వెళ్లాడు. గలరాగాకు జరిగింది అన్యాయమైతే ఇదీ అన్యాయమే. దీన్ని దిద్దమని మాత్రం ఎవరూ అడగరు, ఎందుకంటే ఇందులో కన్నీళ్లు లేవు.

ఆ కన్నీళ్ల సంగతి నాకు తెలియక కాదు. ఆట అయ్యాక జాయిస్ గలరాగాను కలిసి ఏడుస్తూ క్షమాపణ చెప్పుకున్నాడు. మరునాడు పగటి ఆటకు, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక నిలబడవలసిన వంతు అతనిదే. కావాలంటే ఆ రోజు సెలవు తీసుకోమన్నా వద్దని వచ్చాడు. టైగర్స్ మేనేజర్ జిమ్ లేలాండ్ ఆటగాళ్ల పట్టీ ఇచ్చి గలరాగానే హోమ్ ప్లేట్ దగ్గరికి పంపాడు. జాయిస్ కళ్లు తుడుచుకుంటూ ఆ కాగితం అందుకుని అతని భుజం తట్టాడు. డెట్రాయిట్ జనం చప్పట్లు కొట్టారు. అప్పటి మన గవర్నర్ జెన్నిఫర్ గ్రాన్‌హోమ్ అది పర్ఫెక్ట్ గేమేనని ఒక ప్రకటన కూడా జారీ చేసింది. బేస్‌బాల్ మీద గవర్నర్‌కు ఏ అధికారం ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పటి మేజర్ లీగ్ కమిషనర్ బడ్ సెలిగ్ మాత్రం అంపైర్ నిర్ణయాన్ని మార్చలేదు. నీవు అతనిని రాతిగుండె అన్నావు. నాకైతే అతను ఆ ఉద్యోగంలో చేసిన సరైన పనుల్లో అదొకటి. ఆ రాత్రికి ఉన్న నిబంధనల్లో ఫస్ట్ బేస్ దగ్గరి నిర్ణయాన్ని వీడియోతో సరిచూసే ఏర్పాటు లేదు. ఆ ఏర్పాటు 2014లో వచ్చింది, వచ్చి మంచి పని చేసింది. ఈనాడైతే రెండు నిమిషాల్లో గలరాగా చేతికి ఆ ఆట వచ్చేది. కాని ఈనాటి పరికరాన్ని పట్టుకుని నిన్నటి ఆటల్లోకి వెళ్తే ఎక్కడ ఆగుతాం?

పైవారు నిజంగా వెనక్కి వెళ్లి పద్దు మార్చిన సందర్భం ఒకటుంది. హార్వీ హాడిక్స్ పేరు నీవు విని ఉంటావు, ఎందుకంటే అతను మీ ఊరి జట్టువాడే. 1959 మే 26న మిల్వాకీలో అతను బ్రేవ్స్ మీద వేసినది, నన్నడిగితే, ఆ 24 కన్నా గొప్పది. అవతల ఉన్నది అంతకు ముందు రెండేళ్లూ నేషనల్ లీగ్ గెలిచిన జట్టు. అందులో హ్యాంక్ ఆరన్ ఉన్నాడు, ఎడీ మాథ్యూస్ ఉన్నాడు. హాడిక్స్‌కు ఆ రోజు జలుబు, ఒళ్లునొప్పులు. పైగా పైరేట్స్ క్యాచర్ ఇచ్చే సైగలను తమవాళ్లు దూరం నుంచి పసిగట్టి బ్యాటర్లకు అందించారని బ్రేవ్స్ ఆటగాళ్లే తర్వాత ఎన్నో ఏళ్లకు బయటపెట్టారు. ఏ బంతి రాబోతోందో ముందే తెలిసి కూడా వాళ్లు బేస్ చేరలేకపోయారన్నమాట. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాయి, 27 మంది అయ్యారు. కాని పైరేట్స్‌కు ఒక్క పరుగూ రాలేదు. బ్రేవ్స్ పిచర్ ల్యూ బర్డెట్ 12 హిట్లు ఇచ్చి కూడా పరుగు మాత్రం ఇవ్వలేదు. ఆట సాగింది. పది, పదకొండు, పన్నెండు. హాడిక్స్ 36 మందిని వరుసగా అవుట్ చేశాడు.

పదమూడో ఇన్నింగ్స్‌లో బ్రేవ్స్ బ్యాటర్ ఫెలిక్స్ మాంటియా కొట్టిన మామూలు బంతిని మూడో బేస్ దగ్గర పైరేట్స్ ఫీల్డర్ డాన్ హోక్ అందుకుని ఫస్ట్ బేస్‌కు సరిగ్గా విసరలేకపోయాడు. పర్ఫెక్ట్ గేమ్ అక్కడితో పోయింది. మాథ్యూస్ బంట్ చేసి, అంటే బంతిని మెల్లగా తట్టి, రన్నర్‌ను ముందుకు జరిపాడు. ఆరన్‌కు కావాలనే వాక్ ఇచ్చారు. జో ఆడ్‌కాక్ బంతిని కంచె దాటించాడు. బంతి లోపలే పడిందనుకుని ఆరన్ దారి తప్పి డగౌట్ వైపు వెళ్లడం, ఆడ్‌కాక్ అతనిని దాటిపోవడం వల్ల అది హోమ్ రన్ కాకుండా డబుల్‌గా (రెండు బేస్‌ల హిట్‌గా) లెక్క తేలింది. మరునాడు లీగ్ అధ్యక్షుడు వారెన్ గైల్స్ స్కోరు 1-0 అని తేల్చాడు. అంటే హాడిక్స్ ఆ ఆట ఓడిపోయాడు. నాకు ఈ సందర్భంలో హోక్ మీద కోపం రాదు. పదమూడు ఇన్నింగ్స్‌లో 12 హిట్లు కొట్టి కూడా ఒక్క పరుగు తీసుకురాలేని బ్యాటర్ల సంగతేమిటి?

ఆ తర్వాత 1991లో మేజర్ లీగ్ వారు ఒక కమిటీ వేసి, నో-హిట్టర్ అంటే కనీసం తొమ్మిది ఇన్నింగ్స్ సాగిన ఆట మొత్తం ముగిసేదాకా హిట్ లేకపోవడమేనని కొత్త నిర్వచనం తెచ్చారు. దానితో పాత జాబితాలో నుంచి ఎన్నో ఆటలు పోయాయి, హాడిక్స్‌ది కూడా. ముప్పై రెండేళ్ల తర్వాత, బతికి ఉన్న మనిషి పేరు పక్కన ఉన్న గీతను కొట్టివేశారు. తానేం చేశాడో తనకు తెలుసు, ఫరవాలేదు అన్నాడట హాడిక్స్. కమిటీ మాట తర్కానికి సరిపోయేదే. నేను దానితో కూడా తగవు పడగలను. వెనక్కి తిరిగి పద్దు దిద్దే అలవాటు వచ్చిందంటే, అది నీకు ఇష్టమైన వైపే పోతుందన్న హామీ లేదు. గలరాగాకు ఇచ్చే చేయే హాడిక్స్ దగ్గర తీసుకుంది.

మీ యూనివర్సిటీ పక్కన పాత ఫోర్బ్స్ ఫీల్డ్ ప్రహరీ గోడ కొంత ఇంకా నిలిచి ఉంది. ఆ మైదానపు హోమ్ ప్లేట్ పోస్వార్ హాల్ నేలలో అద్దం కింద ఉంటుంది. 1960 అక్టోబర్ 13న అక్కడే బిల్ మాజెరోస్కీ కొట్టిన హోమ్ రన్‌తో పైరేట్స్ 10-9తో యాంకీస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచారు. ఆ ఏడో ఆటలో గెలిచిన పిచర్‌గా లెక్కలో ఉన్న పేరు ఎవరిదో చూడు. హార్వీ హాడిక్స్‌దే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వచ్చి, ఉన్న రెండు పరుగుల ఆధిక్యాన్నీ నిలబెట్టలేకపోయాడు. అయినా పైరేట్స్ వంతులో మాజెరోస్కీ కొట్టడంతో గెలుపు అతని ఖాతాలో పడింది. 36 మందిని అవుట్ చేసిన రోజు ఓటమి, చేతిలో ఉన్న ఆటను సమం చేయించిన రోజు గెలుపు. ఇదీ ఆ పద్దు పుస్తకం తీరు. దీనిని కూడా దిద్దమంటావా?

మీ నాన్నగారికి ఈ ఉత్తరం చదివి వినిపించాను. గలరాగా విషయంలో తన మాట మార్చుకోనన్నారు కాని, పాపస్ విషయంలో నాతో కలిశారు. లార్సెన్ ఆఖరి బంతి గురించి నీ జవాబు ఏమిటో ఫోనులో కాదు, కాగితం మీద వ్రాసి పంపు. వేళకు భోజనం చెయ్యి. సెలవులకు ఏ తేదీన వస్తున్నావో ముందుగా తెలియజేస్తే మీ నాన్నగారు ఆ వారం పని సర్దుకుంటారు.

ఆశీస్సులతో,
అమ్మ