పాత కంప్యూటర్లు తుక్కు కాటాకేనా?

సంపాదకుడు గారికి,

మొన్న మా మనవరాలు స్కూల్ ప్రాజెక్టు కోసం కంప్యూటర్ల చరిత్ర మీద చార్టు చేస్తోంది. లెక్కల యంత్రాలు ఊహించిన బాబేజ్, 1946 నాటి అమెరికా కంప్యూటర్ ఎనియాక్, అక్కణ్నుంచి ఒక్క గెంతులో మైక్రోసాఫ్ట్. మధ్యలో మనవాళ్లెవరూ లేరా అంటే, "మిస్ ఇవే రాయమన్నారు తాతయ్యా" అంది. మేం ఉండేది హైదరాబాద్‌లోని ఏఎస్ రావు నగర్‌కు రెండు స్టాపుల దూరంలో!

ఆ ఏఎస్ రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారని, 1967లో ఇక్కడ ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ మొదలైంది ఆయన చేతుల మీదుగానేనని రోజూ ఆ స్టాపులో బస్సు దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసు? 1969లో ఆ సంస్థ నుంచి టీడీసీ-12 అనే కంప్యూటర్ వచ్చింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని పూర్తి పేరు. దాని మెమరీ 4,096 పదాలు, పదానికి 12 బిట్లు. బిట్ అంటే ఒక సున్నా గానీ ఒకటి గానీ. ఒక్కో బిట్‌కు ఆవగింజంత ఫెర్రైట్ (అయస్కాంత పదార్థం) రింగు, ఆ రింగుల్లోంచి దూర్చిన సన్నటి తీగలు. లెక్కేస్తే 49 వేల పైచిలుకు రింగులు. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే ఒక్క గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా అందులో పట్టదు. అంతకుముందే బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్. నరసింహన్ బృందం 2,700 వాల్వులతో (బల్బుల్లాంటి గాజు గొట్టాలతో) సొంతంగా కంప్యూటర్ కట్టింది. దానికి 1962లో టిఫ్రాక్ అని పేరు పెట్టింది నెహ్రూ.

నేను ఇంజనీర్ని కాను, పంచ్ ఆపరేటర్ని. కంప్యూటర్‌కి ఇవ్వాల్సిన సమాచారాన్ని అట్ట కార్డుల మీద చిల్లులుగా కొట్టడం నా పని. కార్డుకు 80 నిలువు వరుసలు. నేను కొట్టిన కార్డుల మీదే ఇంకొకరు వెరిఫయర్ అనే సరిచూసే మిషన్ మీద మళ్లీ అదంతా కొట్టేవారు, తేడా వస్తే మిషన్ ఆగిపోయేది. కట్ట చెయ్యి జారి కింద పడిందా, ఇక ఆ రోజుకి టెన్షనే. అందుకే కట్ట అంచు మీద స్కెచ్ పెన్నుతో ఏటవాలుగా ఒక గీత గీసేవాళ్లం. చెల్లాచెదురైనా గీత కలిసేలా పేర్చుకుంటే వరుస వచ్చేసేది.

మా ఆఫీసులో ఆ మిషన్లు తీసేసిన రోజు తుక్కు వ్యాపారి వచ్చి కాటా వేసుకుని పట్టుకెళ్లాడు. మాన్యువళ్లు చిత్తు కాగితాల లెక్కలో పోయాయి. ఒక్క మిషనైనా ఉంచమని అడిగితే "ఎక్కడ పెడతావయ్యా?" అన్నారు పై అధికారి. ఆస్ట్రేలియా వాళ్లకు మాత్రం చోటు దొరికింది. 1949లో సిడ్నీలో నడవడం మొదలెట్టిన సీసిరాక్ అనే గదంత కంప్యూటర్ను 1964లో ఆపేశాక కూడా దాచారు. మెల్‌బోర్న్‌కు వెళ్తే ఇప్పటికీ చూడొచ్చు.

ప్రభుత్వ ఆఫీసుల్లో పాత యంత్రాలు వేలం వేసేముందు ఒక్కసారి తెలిసినవాళ్లకు చూపించాలని ఉత్తర్వు ఇవ్వాలి. బిర్లా సైన్స్ మ్యూజియంలో ఒక గది కేటాయించినా సరిపోతుంది. వీటన్నిటికంటే తొందరపడాల్సింది మనుషుల విషయంలో. ఆ బోర్డులు సోల్డరింగ్ చేసినవాళ్లకు, ఆ ప్రోగ్రాములు రాసినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఐటీ కంపెనీలు నలుగురు కుర్రాళ్లకు కెమెరా ఇచ్చి పంపితే వాళ్ల మాటలు రికార్డవుతాయి.

నా బీరువాలో ఇంకా ఒక కార్డుల కట్ట ఉంది. మ్యూజియం పెడితే ఇచ్చేస్తాను. రబ్బరు బ్యాండు ఎప్పుడో తెగిపోయింది గానీ, అంచు మీద గీత అలాగే ఉంది.

– ఒక రిటైర్డ్ పంచ్ ఆపరేటర్, సికింద్రాబాద్